మునిగిన బండికి తాళం తిప్పకండి

సంపాదకులకు నమస్కారములు.

వానకాలం ముదరకముందే మీ పత్రిక ద్వారా పాఠకులకూ, విపత్తు నిర్వహణ చూసే అధికారులకూ ఒక్క మాట చేరాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాను. వరద నీట మునిగి తేలిన మోటార్ సైకిలునో, స్కూటరునో ఇంటి దగ్గర స్టార్ట్ చేయబోయేవారు, ఇంజన్లోంచి నీళ్ళు తీసి, తడి ఆరనిచ్చేదాకా తాళం తిప్పకూడదు, కిక్ కొట్టకూడదు, తోసి స్టార్ట్ చేయాలని అసలే చూడకూడదు. చెప్పదలచింది ఇంతే. కాని ఈ సంగతి వేళకు తెలియక పాడైన ఇంజన్లను కళ్ళారా చూసినవాణ్ణి కనుక, కొంత వివరంగా రాయడానికి అనుమతి కోరుతున్నాను.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది విజయవాడ పాయకాపురంలో. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్ళు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలను ముంచెత్తిన సంగతి అందరికీ తెలిసినదే. అదే సమయంలో కృష్ణా నది ప్రకాశం బ్యారేజీ వద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు మించి పారింది. మా వీధిలో పొద్దున మోకాలి లోతున్న నీళ్ళు చూస్తూ ఉండగానే నడుము దాటాయి. ముందే మేలుకొని బండిని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదికి తోసుకుపోయినవారికి బండి దక్కింది. మిగిలినవారు పిల్లలను, ముసలివాళ్ళను, బియ్యం బస్తాను మేడ మీదికి చేర్చే తొందరలో బండి సంగతి తలచుకోలేదు, తలచుకునే వ్యవధి కూడా లేదు. నీళ్ళు పూర్తిగా తీసేసరికి ఇంచుమించు పది రోజులు పట్టింది. అప్పుడు చూస్తే, సీటు దాకా ఒండ్రు పూసుకున్న బండి లేని ఇల్లు మా వీధిలో లేదు.

ఇంట్లోని సామానంతా పోయినవాడికి మొదట కావలసింది బండి. దాని మీదే పనికి పోవాలి, దాని మీదే మందులు తేవాలి. అందుకే నీళ్ళు తీసిన రోజునే అందరూ బండి దగ్గరికి వెళ్ళారు. మా ఎదురింటి అబ్బాయి ఇళ్ళకు భోజనం పార్సిళ్ళు చేరవేసే పని చేస్తాడు. బండికి ఇంకా వాయిదాలు కడుతున్నాడు. తుండుగుడ్డతో సీటు తుడిచి, తాళం తిప్పి సెల్ఫ్ నొక్కాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది కాబట్టి చప్పుడు లేదు. కిక్ కొడితే రాడ్డు సగం దిగి, గోడకు తగిలినట్టు ఆగిపోయింది. అది బ్యాటరీ లోపమేననుకొని ఇద్దరు స్నేహితుల చేత వెనక నుంచి తోయించుకుంటూ, సెకండ్ గేరులో ఉన్న బండికి క్లచ్ వదిలాడు. నేను మేడ మెట్ల మీద చీపురుతో ఒండ్రు తోస్తున్నాను. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకొని రోడ్డు మీద జారింది. ఇంజన్లోంచి ‘ఠక్’మని ఒక్క చప్పుడు వినిపించింది. “బాబాయ్ గారూ, ఏమయిందో చూడండి” అని కేక వేశాడు. చూడనక్కరలేకుండానే నాకు తెలిసిపోయింది. పిస్టన్‌కూ, ఇంజన్‌లో తిరిగే ఇరుసుకూ మధ్య ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగింది.

ఎందుకు వంగుతుందో మామూలు మాటల్లో చెప్పవచ్చు. గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమాన్ని, సిలిండర్లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ నలిపి, పదో వంతుకు కుదిస్తుంది; ప్లగ్ దాన్ని నిప్పురవ్వతో మండిస్తుంది. గాలి నలుగుతుంది కాని నీళ్ళు నలగవు. 100 సీసీ బండిలో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 11 మిల్లీలీటర్లు మాత్రమే. అంటే పంచదార వేసుకునే చిన్న చెంచాతో రెండు చెంచాల పైచిలుకు నీళ్ళు సిలిండర్లో ఉంటే చాలు, పిస్టన్‌కు పైకి వచ్చే దారి ఉండదు. కాలితో తొక్కే కిక్‌కు అంత బలం లేదు కనుక కిక్ రాడ్డు మధ్యలో ఆగిపోతుంది. నిజానికి ఆ ఆగడమే ఇంజన్ మనకు చేసే హెచ్చరిక. మనుషులు తోసిన వేగమూ బండి బరువూ కలిసి వచ్చినప్పుడో, సగం తడిసిన ఇంజన్ ఎలాగో ఒకసారి అంటుకొని ఎయిర్ ఫిల్టర్లో మిగిలిన నీటిని లోపలికి పీల్చుకున్నప్పుడో, ఎక్కడికీ పోలేని ఆ బలాన్ని కనెక్టింగ్ రాడ్డు భరించవలసి వస్తుంది. ఆ అబ్బాయికి ఇంజన్ విప్పించి, కనెక్టింగ్ రాడ్డు, పిస్టన్, బోరు (సిలిండర్ లోపలి గోడ), బేరింగులు మార్పించేసరికి పద్నాలుగు వేల చిల్లర అయింది. మునిగిన ద్విచక్ర వాహనానికి ప్రభుత్వం ఇచ్చిన సాయం మూడు వేల రూపాయలు. ఆ సాయాన్ని నేను తక్కువ చేయడం లేదు. కిక్ కొట్టకుండా, తోయకుండా ఉంచిన బండిని బాగు చేసుకోవడానికి ఆ మూడు వేలు సరిపోయేవి, నా బండికి సరిపోయాయి కూడా. తేడా అంతా మొదటి గంటలో ఏం చేశామన్న దాంట్లోనే ఉంది.

నా బండి 2012 నాటి 100 సీసీది, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ ఉన్నది. దానికి ఏ వరసలో ఏం చేశానో రాస్తాను. ఆ వరసలోనే విషయమంతా ఉంది కనుక పాఠకులు ఓపికగా చదవాలని మనవి.

మొదట నీటి గుర్తు చూశాను. ఒండ్రు గీత సీటు దాకా ఉంది కనుక ఎయిర్ ఫిల్టరూ, కార్బొరేటరూ, సైలెన్సరూ అన్నీ మునిగినట్టే లెక్క. గీత చక్రం ఇరుసు కిందే ఉండి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే పొడిగా కనబడితే ఇంత అవసరం ఉండదు. బ్రేకులూ, చైనూ శుభ్రం చేసుకుంటే చాలు. ఫిల్టర్ తడిసి ఉంటే మాత్రం ఇంజన్లో నీళ్ళు ఉన్నట్టే అనుకోవాలి. ఆ తరువాత బ్యాటరీ తీశాను, ముందు నెగెటివ్ వైరు, తరువాత పాజిటివ్. తీగల్లో, స్విచ్చుల్లో తడి ఉండగా కరెంటు పారితే వాటి లోపలి రాగి కొద్ది రోజుల్లోనే పచ్చబడి తినేయబడుతుంది. బండిని మంచినీళ్ళతో మెల్లగా కడిగాను. సర్వీసింగు సెంటర్లలో వాడే ప్రెషర్ గన్నుతో కొట్టిస్తే పైన ఉన్న ఒండ్రు తీగలను కలిపే కప్లర్ల లోపలికీ, బేరింగుల్లోకీ పోతుంది.

ఇక ఇంజన్. ఇక్కడ చాలామంది, మెకానిక్కులతో సహా, ముందు ప్లగ్ విప్పి కిక్ కొడతారు. నా అనుభవంలో ముందు దించవలసింది ఇంజనాయిల్. బండి పది రోజులు కదలకుండా నిలిచి ఉంది కనుక, బరువైన నీరు అడుగుకు దిగి, తేలికైన ఆయిల్ పైన నిలుస్తుంది. నేను బండి కింద పాత బేసిన్ పెట్టి, 17 నంబరు పానాతో డ్రెయిన్ బోల్టు వదులు చేసినప్పుడు ముందుగా వచ్చింది ఆయిల్ కాదు, నీళ్ళు. ఇంచుమించు ఒక గ్లాసు మురికినీరు కారిన తరువాత, దాని వెనక నల్లటి ఆయిల్ సన్నటి తాడులా దిగింది. రెండూ బేసిన్లో విడివిడిగానే కనబడ్డాయి. మా ఎదురింటి అబ్బాయి బండిలోంచి తరువాత దింపిన ఆయిలైతే పాలు ఎక్కువైన టీ రంగులో, నురగతో వచ్చింది. కిక్కుతోనూ, తోపుతోనూ ఇంజన్ తిరిగి, నీటినీ ఆయిల్‌నూ మజ్జిగలా చిలికేసింది. ఆ చిలికిన మిశ్రమానికి జారుడు గుణం ఉండదు. అది పూసుకున్న బేరింగు ఎక్కువ కాలం నిలవదు. దింపిన ఆయిల్‌ను నేను డ్రైనేజీలో పారబోయలేదు. డబ్బాలో పోసి ఆటోనగర్లో పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇచ్చాను. వరదకు నిండిన కాలువల్లో ఆ రోజుల్లో ఎంత ఆయిల్ పోసి ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆయిల్ దించాక ప్లగ్ చుట్టూ ఉన్న ఒండ్రును బ్రష్షుతో తుడిచి, ప్లగ్ విప్పాను. ప్లగ్ రంధ్రానికి మొహం ఎదురుగా పెట్టకుండా, మీద ఒక గుడ్డ వేసి, కిక్ రాడ్డును చేతితోనే నెమ్మదిగా నొక్కాను. మొదటి నొక్కుకే పిచికారీ కొట్టినట్టు నీళ్ళు ఎగజిమ్మి గుడ్డ అంతా తడిసింది. ఆరేడు సార్లు నొక్కాక తుంపర్లు, ఆ తరువాత ఉత్త గాలి వచ్చాయి. కిక్ రాడ్డు లేని గేర్ల బండికైతే స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజన్ తిరుగుతుంది. నీళ్ళు పోయాక ప్లగ్ రంధ్రంలోంచి ఒక చిన్న చెంచాడు కొత్త ఆయిల్ పోసి, మళ్ళీ రెండుసార్లు తిప్పాలి. తడి తగిలిన బోరుకు గంటల్లోనే తుప్పు పట్టడం మొదలవుతుంది. ఆ చెంచాడు ఆయిల్ దాన్ని ఆపుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ దగ్గర్లో పొయ్యి గాని, దీపం గాని, అగరుబత్తి గాని ఉండకూడదు. ఒండ్రు వాసన పోవడానికని ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో సాంబ్రాణి వేసేవారు కనుక ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

పెట్రోలు సంగతి చాలామందికి తట్టదు. ట్యాంకు మూత రబ్బరు ఎంత బాగున్నా, పది రోజులు మునిగిన ట్యాంకులోకి నీరు చేరకుండా ఉండడం కష్టం. కార్బొరేటర్ అడుగున ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు గ్లాసులో పట్టి వెలుగులో చూశాను; పెట్రోలు అడుగున నీళ్ళు వేరే పొరగా నిలిచాయి. ఇప్పుడు మనకు బంకులో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. లోపలికి చేరిన నీరు ఆ ఇథనాల్‌ను కూడా తనలోకి లాక్కొని అడుగుకు దిగుతుంది. కొత్త పెట్రోలు పైన పోసినంత మాత్రాన ఆ పొర పోదు. కనుక ట్యాంకు మొత్తం దించి, లోపల ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోసుకోవడమే మార్గం. అర ట్యాంకు పెట్రోలు పారబోయాలంటే మనసు ఒప్పదు. నాకూ ఒప్పలేదు.

సైలెన్సర్లో నిలిచిన నీరు పోయేలా ముందు చక్రం ఎత్తి పెట్టాను. ఎయిర్ ఫిల్టరూ, ప్లగ్గూ కొత్తవి వేశాను. రెండు రోజులు ఎండలో ఉంచి, అప్పుడు బ్యాటరీ బిగించాను. చవక రకం ఆయిల్ పోసి స్టార్ట్ చేసి, మూడు నిమిషాలు నడిపి దింపితే లేత టీ రంగులో వచ్చింది. మళ్ళీ పోసి, మళ్ళీ దింపాను. మూడోసారికి రంగు మారలేదు. అప్పుడు మంచి ఆయిల్ పోశాను. బ్యాటరీతో కలిపి మొత్తం ఖర్చు రెండున్నర వేలు దాటలేదు.

మా కోడలి స్కూటర్ మాత్రం బీఎస్-6 రకం, అంటే పొగ కాలుష్యంపై కొత్త నిబంధనల ప్రకారం తయారైనది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ బళ్ళలో చాలావాటికి కార్బొరేటర్ ఉండదు. పెట్రోలును కంప్యూటర్ లెక్కగట్టి ఇంజెక్టర్ ద్వారా చిమ్ముతుంది. కొన్ని స్కూటర్లకు కిక్ కూడా తీసేశారు. గేర్లు లేవు కనుక తోసినా, చక్రం తిప్పినా ఇంజన్ తిరగదు. అందువల్ల ఇటువంటి బండిలోకి నీళ్ళు పోయాయని తెలిస్తే ఇంటి దగ్గర చేయగలిగింది బ్యాటరీ తీయడం, కడగడం, ఆయిల్ దించడం, ప్లగ్ విప్పి ఉంచడం వరకే. మిగిలినది తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి. పాత బళ్ళకు చేసినట్టు ప్లగ్‌ను తీగకు వేలాడదీసి కరెంటు వస్తోందో లేదో చూసే అలవాటు ఈ బళ్ళ మీద మానుకోవాలి. ప్లగ్ ఇంజన్ లోహానికి సరిగా ఆనకపోతే ప్లగ్‌కు కరెంటు ఇచ్చే ఖరీదైన కాయిల్, కంప్యూటర్ రెండూ పోయే ప్రమాదం ఉంది.

ఆ స్కూటర్‌ను నాకు తెలిసిన మెకానిక్ ఇంటికి వచ్చి నీళ్ళు తీసి, కప్లర్లన్నీ విడదీసి ఆరబెట్టి వెళ్ళాడు. మూడో రోజున బ్యాటరీ బిగించి తాళం తిప్పితే మీటరు వెలిగింది, ఇంజన్ లైటు వెలిగి ఆరింది, సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకండ్లు ‘జుయ్’మని ఆగింది. అన్నీ సరిగానే ఉన్నాయి. కాని సెల్ఫ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ కొలిస్తే 12.6 వోల్టులు చూపింది, ఫ్యూజు బాగుంది, స్టాండు తీసే ఉంది. గంటన్నర వెతికాక మా మనవడు అన్నాడు, “తాతయ్యా, బ్రేక్ పట్టుకుంటే వెనక ఎర్ర లైటు వెలగట్లేదు” అని. ఈ స్కూటర్లకు బ్రేక్ లివరు పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. పట్టుకున్నామని ఇంజన్‌కు చెప్పే స్విచ్చు లివరు మొదట్లో చింతగింజంత ఉంటుంది. దానిలో ఎండిన ఒండ్రు గట్టిపడి, దాని మొన లోపలికి కూరుకుపోయి ఉంది. పిన్నీసుతో ఒండ్రు తీసి, చుక్క నూనె వేసి నాలుగుసార్లు నొక్కితే ఆ మొన పైకి వచ్చింది. మరుక్షణం బండి స్టార్టయింది. ఇదే తెలియక అదే రోజుల్లో ఒక షాపులో అదే రకం స్కూటర్‌కు సెల్ఫ్ మోటారు మార్చాలని చెప్పి పంపారని ఒకరు నాతో అన్నారు. కావాలని అన్నారని నేననను. ఒక్కో షాపు ముందు వందల బళ్ళు వరసకట్టిన రోజులవి. ఒక్కో బండిని కూర్చుని చూసే తీరిక ఎవరికీ లేదు. అందుకే సాధ్యమైనంత ఇంటి దగ్గరే చూసుకోగలగడం ముఖ్యమంటున్నాను.

బీమా గురించి కూడా రాయాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి చేశారు. దానివల్ల బండికి ఐదేళ్ళ బీమా ఉందని నమ్మి నిశ్చింతగా ఉన్నవారు మా పేటలో ఎందరో. వరద నష్టానికి వర్తించేది థర్డ్ పార్టీ కాదు, సొంత వాహన నష్టానికి విడిగా కట్టుకునే పాలసీ. అది చాలామందికి మొదటి ఏడాదితోనే ముగిసిపోయింది. ఆ పాలసీ బతికి ఉన్నవారికి కూడా, మునిగిన ఇంజన్‌ను స్టార్ట్ చేయబోయినందువల్ల జరిగిన నష్టాన్ని, ఇంజన్‌కు ప్రత్యేక రక్షణ తీసుకొని ఉంటే తప్ప, కంపెనీలు సాధారణంగా చెల్లించవు. కనుక బండిని కడగకముందే ఒండ్రు గీత కనబడేలా ఫొటోలు తీసుకొని, కంపెనీకి తెలిపి, ఆ తరువాతే చేయి వేయాలి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వాగు పొంగుతోందని, లోతట్టువారు ఖాళీ చేయాలని విపత్తు నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతూనే ఉంది. నీళ్ళు తీసిన రోజున మరొక్క సందేశం పంపాలి: “మునిగిన బండిని స్టార్ట్ చేయవద్దు, తోయవద్దు; ముందు బ్యాటరీ తీయించండి, ఆయిల్ దింపించండి.” మంచినీటి ట్యాంకర్లు, పాల ప్యాకెట్లు పంచిన వార్డు సచివాలయాల దగ్గరే వారం రోజులు ఒక పందిరి వేసి, ఐటీఐలలో మోటారు మెకానిక్ చదివే పిల్లలను వారి మాస్టార్లతో సహా కూర్చోబెడితే, ఒక్కో బండికి ఆయిల్ దించి, ప్లగ్ తీసి, నీళ్ళు పోగొట్టడానికి అరగంట చాలు. దింపిన ఆయిల్ అక్కడే డ్రమ్ముల్లోకి చేరుతుంది, కాలువలోకి పోదు. పిల్లలకు ఏడాదంతా తరగతిలో దొరకని పని చేతికి అందుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, బుడమేరుతో పాటే మున్నేరు పొంగిన ఖమ్మంలోనూ ఇవే బళ్ళు ఇలాగే మునిగాయి కనుక, ఈ ఏర్పాటు రెండు రాష్ట్రాలకూ అవసరమే. బళ్ళు తయారు చేసే కంపెనీలు కూడా బండితో ఇచ్చే పుస్తకంలో, మునిగితే ఏం చేయకూడదో తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేసి, దాన్నే సీటు కింద అంటిస్తే ఎంతో మేలు.

మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. వానలు ముమ్మరమయ్యే జులై, ఆగస్టు నెలల్లో జిల్లా పేజీలో వారానికొకసారి ఈ జాగ్రత్తను చిన్న పెట్టెలో, పెద్ద అక్షరాలతో వేయండి. ఫొటో కావాలంటే మా ఎదురింటి అబ్బాయి బండిలోంచి తీసిన ఆ కనెక్టింగ్ రాడ్డును నేను దాచి ఉంచాను. జానెడు కూడా లేని ఉక్కు ముక్క అది, మధ్యలో విల్లులా వంగి ఉంటుంది. మీ విలేకరి ఎప్పుడు వచ్చినా చూపిస్తాను, నా బండి ఇంజన్ కూడా స్టార్ట్ చేసి వినిపిస్తాను.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత మెకానిక్,
పాయకాపురం, విజయవాడ.